చెక్కిన రాళ్ళు, వెండి నగలు: మీరు తరచుగా అడిగే ప్రశ్నలు

వాట్సాప్‌లో ఒకే ప్రశ్నకి రోజూ జవాబు టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెడుతున్నాయి, అందుకని ఎక్కువమంది అడిగేవన్నీ ఇక్కడ పెడుతున్నాను. నేను తిరుపతిలో పనిచేస్తాను. రాయి చెక్కడం, వెండి కట్టడం రెండూ నా చేతిమీదే జరుగుతాయి. ఆర్డర్ ఇచ్చే ముందు కనీసం ఏ రాయి ఏ నగకి పనికొస్తుంది అన్న భాగమైనా చదవండి, మిగతావి అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

మామూలు వెండి షాపులో దొరికేదానికీ మీరు చేసేదానికీ తేడా ఏంటి?

షాపుల్లో ఉండేవాటిలో చాలావరకు పోతపోసినవి. మైనంతో నమూనా చేసి, దాన్నుంచి వందల కొద్దీ పోత తీసి, ముందే ఒకే కొలతకి కోసి పెట్టిన రాళ్ళు అందులో కూర్చుతారు. అందులో తప్పేం లేదు, ధర అందుబాటులో ఉండేది అందువల్లే. నా దగ్గర వరస వేరు. ముందు రాయి. దాని మీద ఆకో, హంసో, చక్రమో చెక్కడం అయ్యాక, ఆ రాయి వంపుని బట్టి దాని చుట్టూ వెండి గూడు కడతాను. అందుకే "ఫోటోలో ఉన్నదే ఇంకొకటి" అంటే నా వల్ల కాదు. దగ్గరగా ఉండేది ఇవ్వగలను. రాయిలో చార ఎటు పోతే చెక్కడం కూడా కొంత అటే పోవాలి, రెండో రాయిలో చార ఇంకోలా ఉంటుంది.

తిరుమల కొండ రాయితో లాకెట్ చేసిస్తారా?

అందరికంటే ఎక్కువమంది అడిగేది ఇదే. చెయ్యను. శేషాచలం అడవిలో చాలా భాగం నేషనల్ పార్కు, 2010 నుంచి బయోస్ఫియర్ రిజర్వ్ కూడా, అక్కణ్ణుంచి రాయి తేవడం చట్టం ఒప్పుకోదు. చట్టం సంగతి పక్కన పెట్టినా, కొండంతా ఆదిశేషుడే అని చెప్పులు విప్పి మెట్లెక్కేవాళ్ళున్న ఊళ్ళో ఉండి ఆ కొండని ముక్కలు చేసి అమ్మడం నాకు మనసొప్పదు.

పని పరంగా చూసినా అది లాభం లేదు. పైన శిలాతోరణం దగ్గర మీరు చూసే రాయి క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి ఇసుక కోట్ల ఏళ్ళలో గట్టిపడి రాయైనది. గట్టిదే, కానీ లోపల రవ్వరవ్వగా ఉంటుంది. కనుబొమ్మ లాంటి సన్నని గీత చెక్కబోతే రవ్వలు ఊడి గీత పళ్ళుపళ్ళుగా వస్తుంది. ఆ రాతికి అందం వచ్చేది కొండగా ఉన్నప్పుడే. ఘాట్ రోడ్డులో వెళ్ళేటప్పుడు ఒకచోట కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా ఈ రాయి కనిపిస్తాయి, ఆ రెంటి మధ్య కోట్ల సంవత్సరాల ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్తారు, దాన్ని జాతీయ భౌగోళిక స్మారకంగా గుర్తించారు కూడా. కిటికీ పక్కన కూర్చుంటే చూడండి.

ఎవరైనా "ఇది తిరుమల రాయి" అని అమ్మితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. అబద్ధమైనా అయ్యుండాలి, దొంగతనమైనా అయ్యుండాలి.

మరి మీ రాళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

అగేట్, దానిలాంటిదే ఎర్ర రాయి కార్నీలియన్ ఎక్కువగా గుజరాత్ నుంచి. అక్కడ రతన్‌పూర్ గనుల రాయి ఖంభాత్‌లో తయారవుతుంది, హరప్పా కాలం నుంచి ఆ ప్రాంతం పూసలకి పేరు. గోధుమ రంగు రాయిని కాలిస్తే లోపలి ఇనుము మారి ఎర్రబడుతుంది, మీరు మెచ్చుకునే ఆ దానిమ్మ ఎరుపు చాలాసార్లు కాల్చినదే. అది మోసం కాదు, తరతరాల పద్ధతి. మిగతా రాళ్ళు జైపూర్ వ్యాపారుల దగ్గర తీసుకుంటాను. మన తెలుగు నేల మీద ఖమ్మం వైపు గరీబ్‌పేట గార్నెట్‌కి పాత చరిత్ర ఉంది.

కుప్పం గ్రానైట్ మన పక్క జిల్లాదే కదా వాడొచ్చు కదా అని కూడా అడుగుతారు. గ్రానైట్ అంటే ఒకే పదార్థం కాదు, క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్, అభ్రకం లాంటివి కలిసిన రాయి, ఒక్కొక్కటి ఒక్కో గట్టిదనంతో ఉంటుంది. సాదా గుండ్రటి పెండెంట్‌కి బాగుంటుంది, వేలిగోరంత బొమ్మకి పనికిరాదు.

ఏ రాయి ఏ నగకి పనికొస్తుంది?

ఇది అర్థమైతే సగం తలనొప్పులు ఉండవు. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా మోస్ స్కేలు మీద చెప్తారు. బలపం రాయి 1 దగ్గర, వజ్రం 10. కెంపు, నీలం 9. స్ఫటికం, అమెథిస్ట్ 7. అగేట్, కార్నీలియన్ ఆరున్నర నుంచి ఏడు. మూన్‌స్టోన్ ఆరు, ఆరున్నర. ఫిరోజా, లాపిస్ లాజులి అయిదు, ఆరు మధ్య. మలకైట్ నాలుగు లోపే. పగడం కూడా అంతే, ముత్యం ఇంకా మెత్తన కావచ్చు.

ఇప్పుడు అసలు విషయం. మన ఇళ్ళల్లో, రోడ్ల మీద ఎగిరే దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది, ఇసుక అంటే చాలావరకు క్వార్ట్జ్, స్ఫటికం జాతిదే, అంటే గట్టిదనం 7. ఏడు కంటే మెత్తని రాయిని మీరు చీర కొంగుతో తుడిచిన ప్రతిసారీ ఆ దుమ్ము దాన్ని కొంచెం కొంచెం గీస్తుంది. పెండెంట్‌కి, జుంకాలకి ఇది పెద్ద సమస్య కాదు, అవి దేనికీ తగలవు. ఉంగరం అలా కాదు. బండి హ్యాండిల్, గిన్నెలు, బస్సు కడ్డీ, అన్నిటికీ తగిలేది అదే. అందుకే లాపిస్‌లో చెక్కిన ఉంగరం కావాలంటే నేను పెండెంట్ చేయించుకోమనే చెప్తాను. వినకపోతే చేసిస్తాను గానీ రెండేళ్ళకి మెరుపు పోయిందని అడగొద్దు.

గట్టిదనం ఒకటే చూస్తే కూడా సరిపోదు. పచ్చ గట్టిదనం ఏడున్నర, ఎనిమిది ఉంటుంది, కానీ లోపల పగుళ్ళెక్కువ, ఒక్క దెబ్బకి చిట్లిపోతుంది. జేడ్ గట్టిదనంలో దానికంటే తక్కువ, అయినా నారనారగా అల్లుకుపోయి ఉంటుంది కాబట్టి అంత సులువుగా పగలదు. మొఘల్ దర్బారుల్లో కత్తిపిడులు జేడ్‌తో చెక్కించుకున్నది ఊరికే కాదు.

నా లెక్క ఇది: రోజూ వేసుకునే ఉంగరానికి అగేట్ జాతి రాళ్ళు, లేదా స్ఫటికం. పండక్కో పెళ్ళికో వేసుకునే నెక్లెస్‌కి మీకు నచ్చిన ఏ రాయైనా. కాలికి వేసుకునేదానికి చెక్కిన రాయి వద్దు, ఉత్త వెండి చాలు.

రాయి చెక్కేది ఉలితోనా?

ఇంత చిన్న రాయికి ఉలి దెబ్బ వేస్తే రెండు ముక్కలవుతుంది. వజ్రపు పొడి అంటించిన సన్నని సూదులు మోటారుకి బిగించి, నీళ్ళు కారుతూ ఉండగా అరగదీయడమే. ముందు రాయిని పలకగా కోసి, పుల్ల చివర లక్కతో అతికించి, బొమ్మ గీసుకుని, పెద్ద సూదితో మొదలుపెట్టి సన్నదానికి దిగుతాను. చెక్కడానికి పట్టిన టైమంతా మళ్ళీ పాలిష్‌కి పడుతుంది, ఒక్కోసారి ఎక్కువే. గుంటల్లోకి మెరుపు తేవాలంటే వెదురు పుల్ల చెక్కి, దానికి వజ్రపు పేస్టు పూసి ఒక్కో మూలా రుద్దాలి. చేత్తో చెక్కినదో కాదో తెలుసుకోవాలంటే బొమ్మ పైభాగం చూడకండి, లోపలి మూలలు చూడండి, అక్కడ పాలిష్ ఉందో లేదో.

ఈ సందర్భంలో ఒక మాట. రాతి మీద నగలు ఎలా చెక్కాలో చూడాలంటే మనం దూరం పోనక్కర్లేదు. ఏర్పేడు మండలం గుడిమల్లంలో పరశురామేశ్వరుడి లింగం మీద నిలబడిన శివుడి చెవులకి బరువైన కుండలాలు, మెడలో వెడల్పాటి కంటె, చేతులకి కడియాలు. క్రీస్తు పూర్వానిదని చాలామంది పండితులు అంటారు. ఇనుప పనిముట్లు, ఓపిక తప్ప ఇంకేం లేని కాలంలో అంత గట్టి రాయికి ఆ నునుపు ఎలా తెచ్చారో, చూసిన ప్రతిసారీ నాకు ఈర్ష్యగానే ఉంటుంది. డిజైన్ కోసం ఇంటర్నెట్‌లో బొమ్మలు వెతికి పంపేవాళ్ళు ఒకసారి అక్కడికి వెళ్ళి రండి, తిరుపతి నుంచి ఎంతో దూరం లేదు.

స్వామి బొమ్మ చెక్కుతారా?

చెక్కుతాను, షరతులతో. నిలువు 25 మిల్లీమీటర్ల కంటే చిన్న రాయిలో నిండు విగ్రహం చెక్కను. కళ్ళు, పెదవి రెండూ కుదరవు, కుదరని ముఖం మెడలో వేసుకుని మీరూ బాధపడతారు. అంత చిన్నదానికి శంఖచక్రాలో, నామమో అయితే అద్భుతంగా వస్తాయి. నామం అయితే వైష్ణవుల్లో వడగలై శాఖ నామమా, తెంగలై శాఖ నామమా, శ్రీవారి నామంలా కావాలా, ముందే ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చెప్పండి. చెక్కాక మార్చడానికి ఇది కాగితం కాదు.

ఉంగరం మీద దేవుడి ముఖం చెక్కను. తింటాం, కడుక్కుంటాం, అన్నిటికీ ఆ చెయ్యే. కొందరు ఒప్పుకోరు, పర్వాలేదు, చేసేవాళ్ళు వేరే ఉన్నారు.

సాలగ్రామానికి, రుద్రాక్షకి వెండి తొడుగు చేస్తారా?

రుద్రాక్షకి చేస్తాను, రెండు చివర్లా టోపీలు పెట్టి. సాలగ్రామానికి బెజ్జం వేయమంటే మాత్రం వేయను, ఆ పని చేయించవద్దని మీకూ చెప్తాను. గండకీ నదిలో దొరికే ఆ నల్ల రాళ్ళల్లో చాలావాటిలో చక్రంలా కనిపించేది కోట్ల ఏళ్ళనాటి సముద్రజీవి శిలాజం, పొరలు పొరలుగా ఉండే రాయి, సూది తగిలితే పొర లేస్తుంది. పూజలో ఉన్నదైతే ఇక చెప్పేదేముంది. వేడి తగలకుండా విడిగా వెండి పంజరం కట్టి అందులో కూర్చోబెట్టగలను, కావాలంటే తీసి పూజలో పెట్టుకోవచ్చు.

మీరు వాడే వెండి ఎంత స్వచ్ఛమైనది?

నగ ఒళ్ళంతా 925, అంటే నూటికి తొంభై రెండున్నర పాళ్ళు వెండి, మిగతాది రాగి. రాయి చుట్టూ ఉండే సన్నని అంచు మాత్రం 999. మేలిమి వెండి మెత్తగా ఉంటుంది కాబట్టి రాయి మీదకి మడిచేటప్పుడు రాయిని నొక్కి పగలగొట్టదు. మొత్తం నగ మేలిమి వెండితోనే చేయమని అడిగేవాళ్ళకి జవాబు కూడా అదే, మెత్తనిది వంగిపోతుంది.

టంకానికి క్యాడ్మియం లేని పొడే వాడతాను. క్యాడ్మియం కలిపినది చవక, తొందరగా కరుగుతుంది, దాని పొగ మాత్రం ఊపిరితిత్తులకి విషం. బంగారం షాపుల్లో కేడీఎం అని విని ఉంటారే, అది దీని గురించే.

హాల్‌మార్క్ గురించి: బంగారంలా వెండికి తప్పనిసరి చేయలేదు, 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండి నగలకి కూడా హెచ్‌యూఐడీ (ఒక్కో నగకి విడిగా ఇచ్చే గుర్తింపు) నంబరు పద్ధతి తెచ్చినప్పుడు స్వచ్ఛందంగానే పెట్టారు. కావాలన్నవాళ్ళకి వేయించి ఇస్తాను, ఆ ఖర్చు బిల్లులో వస్తుంది.

ఇక జర్మన్ సిల్వర్. అందులో వెండి లేదు. రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. పూజ సామానుకి వాడుకోండి, ఒంటికి పెట్టుకుంటే నికెల్ పడనివాళ్ళకి దురద, మచ్చలు వస్తాయి. ఆక్సిడైజ్డ్ పేరుతో రెండు మూడు వందలకి దొరికే సెట్లలో కూడా ఎక్కువ శాతం వెండి ఉండదు, ఆ ధరకి ఎలా ఉంటుంది చెప్పండి.

నల్లబడింది, కల్తీ చేశారా?

లేదండీ. గాలిలో, చెమటలో ఉండే గంధకం వెండితో కలిస్తే పైన నల్లటి పొర ఏర్పడుతుంది. మేలిమి వెండైనా నల్లబడుతుంది. ఒంట్లో వేడి ఎక్కువైందని, ఎవరిదో దిష్టి తగిలిందని కూడా అంటారు, నాకు తెలిసి అంత టెన్షన్ పడాల్సిన పనిలేదు. రోజూ వేసుకునే నగ ఒరుసుకుంటూ ఉండటం వల్ల తక్కువ నల్లబడుతుంది, బీరువాలో దాచినదే ఎక్కువ నల్లబడుతుంది. రబ్బరు బ్యాండు చుట్టి దాచకండి, దానిలో కూడా గంధకం ఉంటుంది.

కడగడానికి కుంకుడుకాయ రసం, మెత్తని బ్రష్షు చాలు. మన కంసాలులు ఎప్పటినుంచో వాడేది అదే. టూత్‌పేస్టు వద్దు, గీతలు పడతాయి. చింతపండు, నిమ్మకాయ అసలు వద్దు, ఉత్త వెండి గిన్నెకి ఫర్వాలేదు గానీ ముత్యం, పగడం, మలకైట్, లాపిస్ లాంటి రాళ్ళని పులుపు తినేస్తుంది. సోడా, అల్యూమినియం కాగితం చిట్కా యూట్యూబ్‌లో చూసి చేయకండి. చెక్కడం ఎత్తుపల్లాలు తెలియడానికి గుంటల్లో నేను కావాలనే నలుపు పెడతాను, ఆ చిట్కా దాన్ని కూడా లాగేస్తుంది. తర్వాత నగ సున్నం కొట్టిన గోడలా వెలవెలబోయి కూర్చుంటుంది.

బిల్లు ఎలా వేస్తారు? తరుగు ఉంటుందా?

వెండి బరువు, రాయి, పని, మూడూ విడివిడిగా రాస్తాను. పెండెంట్ మొత్తం 18 గ్రాములు తూగి అందులో రాయి 7 గ్రాములైతే మీరు వెండి రేటు కట్టేది 11 గ్రాములకే. ఇది వినడానికి మామూలుగా ఉంది కానీ ఎక్కడ కొన్నా అడగాల్సిన ప్రశ్న ఇదే, రాయిని, లోపల నింపిన లక్కని కూడా వెండి రేటుకే తూచేవాళ్ళున్నారు. తరుగు పేరుతో విడిగా శాతం వేయను, నా దగ్గర రాలిన వెండి పొడి నా దగ్గరే ఉంటుంది కదా. మజూరీ ఎక్కువనిపిస్తుంది, ఒప్పుకుంటాను. మీరు డబ్బు కట్టేది చాలావరకు చేతి పనికి, లోహానికి కాదు. అందుకే తిరిగి అమ్మితే వెండి రేటే వస్తుంది. పెట్టుబడి కోసమైతే నా దగ్గర కొనకండి, బిస్కెట్ కొనుక్కోండి.

బేరం ఆడొచ్చా?

ఆడండి. తగ్గదు.

అమ్మమ్మ కడియాలు కరిగించి కొత్తది చేస్తారా?

తెచ్చి చూపించండి, చూశాక చెప్తాను. పట్టీలు, గొలుసులు అయితే లింకు లింకుకీ టంకం ఉంటుంది, కరిగిస్తే స్వచ్ఛత పడిపోతుంది, శుద్ధి చేయించాకే వాడగలను, ఆ నష్టం ఎంతో ముందే లెక్క చెప్తాను. చేత్తో నగిషీ చేసిన పాత కడియాలు, వంకీలు అయితే కరిగించమని చాలాసార్లు నేనే ఒప్పుకోను. ఆ పని చేసేవాళ్ళు ఇప్పుడు వెతికినా దొరకడం కష్టం. వాటి మీది మురికి తీసి, విరిగిన కొక్కెం మార్చి, అలాగే వేసుకోండి.

మా రాశికి ఏ రాయి మంచిది?

అది మీ సిద్ధాంతి గారిని అడగండి. ఆయన చెప్పిన రాయి నేను కట్టగలను, కింద చర్మానికి తగిలేలా గూడు తెరిచి పెట్టమంటే అలాగే పెడతాను. రాశి రాయి మీద చెక్కడం వద్దనే చాలామంది అంటారు, అదీ ఆయన్నే అడిగి రండి.

ఒక్క సంగతి మాత్రం నా పని కిందకి వస్తుంది, రాయి నిజమైనదా కాదా అనేది. స్ఫటికమాల అని అమ్మేవాటిలో గాజు చాలా ఉంటుంది. స్ఫటికం చేతికి గాజు కంటే చల్లగా తగులుతుంది, ఆ చల్లదనం ఎక్కువసేపు నిలుస్తుంది. భూతద్దంలో గుండ్రటి బుడగలు కనిపిస్తే అది గాజు. ఫిరోజా అని హౌలైట్ అనే తెల్ల రాయికి రంగు వేసి అమ్ముతారు, నెయిల్ పాలిష్ రిమూవర్‌లో ముంచిన దూదితో వెనకవైపు రుద్దితే చాలాసార్లు రంగు దూదికి అంటుతుంది. ఖరీదైన రాయి అయితే ఈ చిట్కాలు నమ్ముకోకుండా ల్యాబ్ సర్టిఫికెట్ అడగండి.

ఉంగరం సైజు తర్వాత మార్చొచ్చా?

ఒక సైజు వరకు సాగదీయడం కుదరొచ్చు. అంతకు మించితే కోసి టంకం పెట్టాలి, టంకానికి మంట కావాలి, మంట తగిలితే రాయి పగులుతుంది. అంటే గూడు విప్పి రాయి తీసి, పని చేసి, మళ్ళీ కట్టాలి, సగం కొత్త ఉంగరం చేసినంత పని. అందుకే కొలత సాయంత్రం పూట ఇవ్వండి, ఎండలో తిరిగొచ్చాక వేలు కాస్త ఉబ్బి ఉంటుంది, ఆ సైజే సుఖంగా ఉంటుంది.

ఈ పని నేర్పుతారా?

నా దగ్గర క్లాసులు లేవు. శిల్పం పద్ధతిగా నేర్చుకోవాలంటే తిరుపతిలోనే టీటీడీ వాళ్ళ సంప్రదాయ శిల్ప విద్యా సంస్థ ఉంది, రాతి శిల్పం, లోహ శిల్పం, కొయ్య చెక్కడం, కలంకారీ నేర్పుతారు. నగ సైజు పని ఆ తర్వాత అబ్బుతుంది, ముందు బొమ్మ తాలమానం (అంగాల కొలతల లెక్క), వంపు తెలియాలి.

ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళకి ఒకటే హెచ్చరిక. పొడిగా రాయి కోయకండి. అగేట్, స్ఫటికం ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, అది తగ్గే జబ్బు కాదు. ఖంభాత్ అగేట్ పనివాళ్ళు ఎంతోమంది దానితో బాధపడ్డారు. నీళ్ళు, మంచి మాస్కు, గాలి ఆడే చోటు, ఈ మూడూ లేకపోతే మలకైట్ అయితే అసలు ముట్టుకోవద్దు, దానిలో రాగి ఉంటుంది.

ఎన్ని రోజులు పడుతుంది?

చిన్న పెండెంట్ అయితే మూడు వారాలు అనుకోండి. పెళ్ళి నెక్లెస్ అయితే ముహూర్తం పెట్టుకున్న రోజే ఫోన్ చేయండి, శుభలేఖలు పంచాక కాదు. బ్రహ్మోత్సవాలప్పుడు, గంగమ్మ జాతర వారంలో పని నెమ్మదిస్తుంది, ఈ ఊళ్ళో ఎవరికైనా అంతే.

వచ్చి చూడొచ్చా?

రండి, ఫోన్ చేసి. మోటారు తిరుగుతున్నప్పుడు ఫోన్ ఎత్తను, మెసేజ్ పెట్టండి. ఒంటి గంట లోపు వస్తే మంచిది, రాయి అసలు రంగు పగటి వెలుతురులోనే తెలుస్తుంది, ట్యూబ్‌లైటు కింద ముదురు కార్నీలియన్ కూడా ఇటుకముక్కలాగే కనిపిస్తుంది. ఏ చీర మీదకో, ఏ మెడ మీదకో ముందే అనుకుని ఆ బట్ట ముక్క వెంట తెచ్చుకోండి.